పరుగెత్తని అడుగులు

(ధ్యానమునకు: ఆదికాండము 33:12-14)



ఈ మాసము మేము వ్రాయుచున్నది ఒక దిద్దుబాటు. వేదికమీద నిలిచి చెప్పిన మాట తప్పని తెలిసినప్పుడు, దానిని చాటుగా మార్చుకొని ఊరకుండుట బోధకునికి తగదు.

రెండేండ్ల క్రిందట మా గుడిలో లోతునుగూర్చి బోధించుచు ఒక దృష్టాంతము చెప్పితిమి. మధ్య అమెరికాలోని నికరాగువా దేశమున, మనాగువా నగరములో, ఆరువేల సంవత్సరములనాటి మనుష్యుల అడుగుజాడలు రాతిలో నిలిచియున్నవనియు, అగ్నిపర్వతము బ్రద్దలగుట చూచి వారు ప్రాణభీతితో పరుగెత్తిరనియు సెమినరీ దినములలో ఒక పాత పుస్తకమున చదివియుంటిమి. పరుగెత్తినవాడే బ్రతుకును, ఆలస్యము చేసినవాడు నశించును అని బల్ల చరచి చెప్పితిమి. మంచి ప్రసంగమని పెద్దలు కొందరు మెచ్చుకొనిరి కూడ.

ఆ సాయంకాలము ఒక వృద్ధ విధవరాలు మా యింటికి వచ్చెను. ఆమె పుట్టినది మా గ్రామముననే. పెండ్లియై దివిసీమకు వెళ్లి, 1977 నవంబరు 19వ తేదీని వచ్చిన ఉప్పెనలో సమస్తమును పోగొట్టుకొని తిరిగివచ్చినది. ఆ రాత్రి చంటిపిల్లను చంకనెత్తుకొని, నాలుగేండ్ల కుమారుని చెయ్యి పట్టుకొని ఆమె బయలుదేరెను. నీరు వచ్చినప్పుడు వాని చెయ్యి జారిపోయెను. ఇన్నేండ్లలో ఈ సంగతి ఆమె ఎవరితోను చెప్పలేదు. ఆనాడు గుమ్మములోనే నిలువబడి, “అయ్యగారూ, నేను ఇంకాస్త గట్టిగా పరుగెత్తుంటే మావాడు బతికేవాడంటారా?” అని అడిగెను.

మేము ఏమి చెప్పితిమో వ్రాయుటకు సిగ్గుగా నున్నది. అంతయు దేవుని చిత్తమమ్మా అని తొందరగా ఒక మాట పలికి, ప్రార్థనచేసి పంపివేసితిమి. ఆ తరువాత ఆమె గుడికి వచ్చుట మానివేసెను. ఆరోగ్యము బాగుగా లేదని ఇంటివారు చెప్పుచు వచ్చిరి. మేమును నమ్మినట్లుంటిమి.

ఇట్లుండగా, నికరాగువాలోని సహోదరులు కొందరు మమ్మును పిలువగా, గత సంవత్సరము అచ్చట కొన్ని దినములుండుట తటస్థించెను. ఆ అడుగుజాడలను కన్నులార చూడవలెనని కోరితిమి. నిజము చెప్పవలెనన్న, మన ప్రసంగమునకు సాక్ష్యము దొరకునను ఆశయే మమ్మును తీసికొనిపోయెను.

ఆ చోటి పేరు అకవలింక. మనాగువా సరస్సుయొక్క దక్షిణపు ఒడ్డున ఉన్న బీదల పేట అది. దాని ప్రక్కనే అనేక సంవత్సరములు నగరపు చెత్త యంతయు పోయుచుండిరట. ఆ చెత్తలో ఏరుకొని బ్రతికిన కుటుంబములు ఎన్నో కలవు. 1931లో ఒకసారి, 1972లో మరియొకసారి భూకంపముచేత ఆ నగరము కూలిపోయినది. ఇట్టి నేలలో బూడిదమీది పాదముల గుర్తులు నిలిచియుండుట మాకు ఆశ్చర్యమాయెను.

ప్రదర్శనశాల చిన్నది. మన పల్లె గుడులకంటె ఎక్కువ ఆర్భాటమేమియు లేదు. 1874లో కట్టుబడి రాయి త్రవ్వుచున్న కూలివారికి ఈ జాడలు కనబడెను. పదేండ్ల తరువాత ఎర్ల్ ఫ్లింట్ అను అమెరికా వైద్యుడు వీనిని లోకమునకు తెలియజేసెను. 1941, 1942 సంవత్సరములలో కార్నెగీ సంస్థవారు శాస్త్రీయముగా త్రవ్వించిరి. లోపల పైకప్పు క్రింద లోతైన గుంటలున్నవి; గట్టుమీద నిలువబడి క్రిందికి చూడవలెను. అడుగున బూడిదరంగు నేల. అందులో మడమ, అరికాలు, అయిదు వ్రేళ్లు, నిన్న సాయంకాలము వానకు తడిసిన పొలము గట్టుమీద ఎవరో నడచిపోయినట్లే యున్నవి! పెద్దవారివి, చిన్నవారివి, కలిసి పదిహేనుగురివరకు ఉందురని చెప్పిరి. జంతువుల జాడలును ఉన్నవి. మనుష్యుల జాడలు సరస్సు దిక్కునకు సాగిపోవుచున్నవి.

ఇవి ఎట్లు నిలిచెననగా: ఆగ్నేయ దిక్కున మసాయా అను అగ్నిపర్వతమున్నది. దానినుండి ఎగసిన బూడిద పడి, తడిసి, మెత్తని బురదవలె ఉన్నప్పుడు వీరు నడచిరి. అది సిమెంటువలె గట్టిపడెను. దానిమీద మరల బూడిదయు, మన్నును పొరలుపొరలుగా పడి కప్పివేసెను.

మాకు చూపించుచున్న యువతిని మేము దుబాసీ ద్వారా అడిగితిమి: “వీరు పరుగెత్తి పారిపోవుచున్నారు గదా?”

ఆమె తల అడ్డముగా ఊపెను. వెనుకటివారు అట్లే తలంచిరి గాని, అడుగునకు అడుగునకు మధ్యనున్న దూరము కొలిచి చూడగా అది పరుగు కాదని తేలినదట. వీరు నడచుచున్నారు, మామూలు నడక. ఆరువేల ఏండ్లు అను లెక్కయు నిలువలేదు. ఆ బూడిద సుమారు 2,100 సంవత్సరముల క్రిందట పడినదని శాస్త్రజ్ఞులు ఇప్పుడు చెప్పుచున్నారు. అనగా మన ప్రభువు బేత్లెహేములో జన్మించుటకు రమారమి నూరేండ్లు ముందు.

ఇచ్చట ఒక మాట. ఆదాము మొదలు ఆరువేల ఏండ్లే అని లెక్కవేయు పెద్దలు మన సంఘములలో కొందరు కలరు. మా ప్రసంగము విని వారు మిక్కిలి సంతోషించిరి. వాక్యమునకు ఇట్టి ఊతకఱ్ఱలు మేమెందుకు తెచ్చి పెట్టవలెను? కఱ్ఱ విరిగినప్పుడు పడునది వాక్యము కాదు, దానిని ఆనించినవాడే.

అయితే మమ్మును కలవరపెట్టినది లెక్క కాదు. ఆ గట్టుమీద నిలువబడియుండగా మా గుమ్మములో నిలిచిన ఆ తల్లి ముఖము మా కన్నులయెదుట కనబడెను. లేని పరుగును వీరికి అంటగట్టి, పరుగెత్తలేకపోయిన ఆమెమీద మేము నేరము మోపితిమి.

ఆ రాత్రి బసలో పరిశుద్ధగ్రంథము తెరచి మేము బోధించిన అధ్యాయమునే మరల చదివితిమి. ఆదికాండము 19వ అధ్యాయము 16వ వచనము మేమెన్నిసార్లు దాటిపోయితిమో! లోతు పరుగెత్తలేదు, తడవుచేసెను. యెహోవా కనికరపడినందున ఆ మనుష్యులు అతని చెయ్యిని, భార్య చెయ్యిని, కుమార్తెల చేతులను పట్టుకొని వెలుపలికి తెచ్చిరి. ఆలస్యము చేసినవాడు నశించునని మేము చెప్పిన అధ్యాయములోనే ఆలస్యము చేసినవాడు చెయ్యి పట్టబడి రక్షింపబడెను.

మెఫీబోషెతు సంగతి చూడుడి (2 సమూయేలు 4:4). యుద్ధవార్త విని దాది అయిదేండ్ల బాలుని ఎత్తుకొని తొందరగా పరుగెత్తెను. ఆ తొందరలోనే వాడు పడి కుంటివాడాయెను. ఆ దాదిని లేఖనము ఒక్క మాటయైనను నిందింపలేదు. యాకోబైతే అన్న తాను ముందుగా సాగెదనని చెప్పి పిలిచినను, పిల్లలు పసివారనియు, పాలిచ్చు పశువులు తన వెంట ఉన్నవనియు, ఒక్క దినము వడిగా తోలినయెడల మంద చచ్చుననియు చెప్పి, పిల్లల అడుగునుబట్టి మెల్లగా వచ్చెదననెను. నాలుగువందల మందితో ఎదురు వచ్చిన ఏశావుకంటె ఈ మెల్లని నడకయే కాపరికి తగినదని మాకు తోచినది. మందను తోలువారమైన మేము ఎన్ని దినములు వడిగా తోలితిమో దేవునికి తెలియును.

అకవలింకలో నడచిన వారు ఆ తరువాత ఏమైరో, బ్రదికిరో లేదో, ఎవరును చెప్పలేరు. వారు కలిసి నడచిరనుట మాత్రము బూడిద చెప్పుచున్నది.

తిరిగివచ్చిన మరునాడే ఆ తల్లి యింటికి వెళ్లితిమి. “అమ్మా, ఆనాడు నేను చెప్పింది తప్పు. వాళ్లు పరుగెత్తలేదు. నన్ను క్షమించు” అంటిమి. ఆమె ఏమియు అనలేదు. 77వ కీర్తన చదివితిమి. దేవుని త్రోవ సముద్రములో ఉన్నదనియు, ఆయన అడుగులు కనబడలేదనియు చెప్పు చోట ఆమె చెయ్యెత్తి మరల చదువుమని సైగచేసెను. మరల చదివితిమి.

పిమ్మట మేము తెచ్చిన ఫోటో చూపితిమి. కండ్లద్దములు పెట్టుకొని వెలుతురులోనికి జరిగి, ఆమె చాలసేపు చూచెను. అందులోని చిన్న అడుగుమీద వ్రేలుంచి, “ఈ పిల్లాడికి ఎన్నేళ్లుంటాయంటారు అయ్యగారూ?” అనెను.

“చెప్పలేమమ్మా.”

“మావాడి కాలూ ఇంతే ఉండేది” అని, ఆ ఫోటో తనయొద్ద ఉంచుకొందునని అడిగెను.

తరువాతి ఆదివారము సంఘముయెదుట మా తప్పును ఒప్పుకొంటిమి. ఆమె ఎప్పటివలెనే స్త్రీలవైపున, కిటికీ ప్రక్కనున్న చోట, చాపమీద కూర్చుండియుండెను.