అడ్డు ఎవరి చేతిలో ఉంది?

మరుగుపరచడం సత్యానికి ద్రోహమేనా? అద్వైతం చదువుకున్నవాళ్లను అడిగితే చాలామంది అవుననే అంటారు. మాయకు రెండు శక్తులని ఆచార్యులు చెప్పారు. ఉన్నదాన్ని కప్పేది ఆవరణం, లేనిదాన్ని చూపేది విక్షేపం. మసక వెలుతురులో తాడు తాడుగా కనపడకపోవడం మొదటి శక్తి పని. అదే తాడు పాములా కనపడడం రెండోదాని పని. సాధనంతా ఆ కప్పును తొలగించుకోవడానికే. మరి శైవం శివుడికి ఐదు కృత్యాలు చెప్పింది కదా: సృష్టి, స్థితి, సంహారం, తిరోభావం, అనుగ్రహం. తిరోభావమంటే మరుగుపరచడమే. అదే దోషమైతే అనుగ్రహం పక్కన దానికి పీట ఎందుకు వేసినట్టు? కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పిన రోజుల్లోనూ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. దీని గురించి నేను గట్టిగా ఆలోచించింది మాత్రం మా ఇంటి హాల్లోకి ఒక మడత తెర వచ్చాకే.

అత్తయ్యగారికి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. మాట మాత్రం స్పష్టంగా ఉండేది. మాది రెండు గదుల ఫ్లాటు. లోపలి గదిలో ఆవిడకు ఊపిరాడనట్టు ఉండేది. "మనుషుల అలికిడి లేకపోతే నేను బతికున్నానో లేదో నాకే తెలియట్లేదమ్మాయీ" అన్నారు. మంచం హాల్లో ఓ మూలకి మార్చాం. అలికిడి దొరికింది కానీ మరుగు పోయింది. గ్యాస్ బండ తెచ్చే కుర్రాడు, మా వారి స్నేహితులు, పక్కింటి పిల్లలు, అందరూ ఆ హాల్లోకే వస్తారు. ఒళ్లు తుడవాలన్నా, బట్ట మార్చాలన్నా ఆవిడ కళ్లు మూసుకునేవారు. తనకు ఎవరూ కనపడకపోతే తాను కూడా ఎవరికీ కనపడనన్నట్టు.

హస్తకళల ఎగ్జిబిషన్‌లో సహారన్‌పూర్ నుంచి వచ్చిన దుకాణంలో ఒక తెర కొన్నాం. శీషం చెక్క, నాలుగు పలకలు, వాటిని కలుపుతూ ఇత్తడి బందులు, పై సగమంతా జాలీ చెక్కడం. అమ్మినతను ఒక్కటే జాగ్రత్త చెప్పాడు: "తిన్నగా చాపకండి, పడిపోతుంది. వంకరగా ఉంటేనే నిలబడుతుంది." మూల మసకగా ఉంటుంది, హాలంతా వెలుతురు. అందువల్ల లోపలినుంచి ఆవిడకు జాలీ కన్నాల్లోంచి వచ్చేపోయేవాళ్లు కనపడేవారు. ఇవతలివాళ్లకు మాత్రం చెక్కిన లతలే కనపడేవి. జైపూర్‌లో 1799లో కట్టిన హవామహల్ కిటికీలు పనిచేసేదీ ఈ సూత్రం మీదే. వారం తిరక్కుండానే ఆవిడ గొంతులో పాత పెద్దరికం వచ్చింది. నేను వంటింట్లో ఉండగానే "ఎవరో వచ్చారు, కుర్చీ వెయ్యమ్మా" అని తెర వెనకనుంచి కేక వేసేవారు. వచ్చినవాళ్లు కూడా ముందు ఆ తెర వైపు తిరిగి "బాగున్నారా పిన్నిగారూ" అనేవారు.

నాకు మొదటి జవాబు అక్కడ దొరికింది. తెర అబద్ధం చెప్పదు. తన వెనక ఎవరూ లేరనదు. ఇక్కడ ఒక మనిషి ఉంది, ఈ కాసేపు చూడకండి అంటుంది. అవిద్య కప్పినప్పుడు కప్పు ఉందన్న సంగతే మనకు తెలియదు, భయమంతా అందులోనే ఉంది. పెళ్లిలో జీలకర్రా బెల్లం పెట్టేదాకా పట్టే అడ్డుతెర ఎవరినీ మోసగించదు. నైవేద్యం వేళ దేవుడికి వేసే తెరా అంతే. చిదంబరంలో తెర తొలగిస్తే కనిపించేవి బంగారు బిల్వపత్రాల మాలలు, వాటి వెనక ఖాళీ. ఆ ఖాళీయే ఆకాశలింగమని అర్థమవడానికి ముందు తెర అవసరమైంది.

విక్షేపమూ అలాంటిదే. తెరలను చైనా, కొరియాలనుంచి అందుకున్న జపాన్ వాటిని గొప్ప చిత్రాలుగా మార్చుకుంది. 16వ శతాబ్దం చివర హసెగావా తోహకు సిరాతో పైన్ చెట్లు గీసిన ఆరేసి పలకల జంట తెరలు టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఖాళీయే, ఆ ఖాళీనే మంచులా కనపడుతుంది. చైనాలో లక్కపూత మీద చెక్కిన పెద్ద తెరలు కోరమాండల్ తీరం మీదుగా యూరప్ చేరి, మన తీరం పేరుతోనే అక్కడ ప్రసిద్ధికెక్కాయి. ఇవన్నీ ఒకదాన్ని కప్పి, ఇంకొకటి చూపిస్తాయి. మాయ రెండు శక్తులూ ఒకే చెక్క మీద ఉన్నాయి. అయినా ఆ అడవిలోకి నడవబోయి నుదురు కొట్టుకున్నవాళ్లు లేరు, బొమ్మ బొమ్మేనని తెలుసు గనక.

అయితే తెలిసి కప్పినంత మాత్రాన సరిపోదు. ఘోషా కూడా అందరికీ తెలిసిన తెరే. విశాఖపట్నంలో విక్టోరియా ఆసుపత్రిని జనం ఈనాటికీ ఘోషాసుపత్రి అనే అంటారు. పరాయి మగవాడి కంట పడకూడదన్న కట్టుబాటు ఉన్న స్త్రీలకు వైద్యం అందాలంటే వేరే ఆసుపత్రే కావలసివచ్చిందని ఆ పేరు చెబుతూనే ఉంది. ఆ తెరను తీసే అధికారం లోపలివాళ్లకు లేదు. తీయలేని తెర గోడతో సమానం.

మా ఇంట్లో మంచం పక్కకు వచ్చే చివరి పలకను కావాలనే అత్తయ్యగారి కుడిచేతికి అందేట్టు పెట్టాం. ఇష్టమైనవాళ్లు వస్తే ఆవిడే దాన్ని తోసేవారు. విసుగొస్తే ఆవిడే లాక్కునేవారు. ఎవరికి ఎంత కనపడాలో ఆవిడ నిర్ణయం. ఒంట్లో సగం మాట వినకపోయినా ఆ ఒక్క పలక మాట వినేది. ఆవిడ మనసులో గౌరవాన్ని నిలబెట్టింది మందులకన్నా అదేనని నేను నమ్ముతాను.

ఇప్పుడు తిరోభావం నాకు ఇలా అర్థమవుతుంది. అనుగ్రహం పక్కన ఉండే మరుగు, తీయడానికి వీలుగా వేసిన మరుగు. ఈశావాస్యోపనిషత్తులో సత్యం ముఖాన్ని కప్పినది బంగారు పాత్ర. ఉపాసకుడు దాన్ని పగలగొట్టడు, తొలగించమని సూర్యుణ్ణి అడుగుతాడు. అడిగి, ఆగి, తెరిచినప్పుడు చూడడంలో అవతలివాడి స్వేచ్ఛకు మర్యాద ఉంది. దేవుడికి చూపే ఆ మర్యాద ఇంట్లో మనుషులకూ చెల్లాలి. మంచాన పడ్డ పెద్దవాళ్లకూ, చదువుకునే ఆడపిల్లకూ, పసిబిడ్డకు పాలిచ్చే కోడలికీ మరుగు కావాలి, దాని మీద అధికారమూ కావాలి. తెర కొనేటప్పుడు రంగు, చెక్కడం మీకు నచ్చినట్టు ఎంచుకోండి. నిలబెట్టేటప్పుడు మాత్రం చివరి పలక లోపలి మనిషి చేతికి అందాలి.