గురువు ఓడిపోయాడా?

శిష్యుడు తనను మించినప్పుడు గురువు ఓడిపోయినట్లా? యీ ప్రశ్న నాకు పుస్తకంలో కాదు, తరగతిలో ఎదురయింది. ఒక ప్రబంధ పద్యానికి నేను చెప్పిన వ్యాఖ్యలోని లోపాన్ని ఒక విద్యార్థి వినయంగానే ఎత్తి చూపాడు. అతడన్నదే సరి. పైకి ఒప్పుకున్నాను, కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పుడు ఫ్లారెన్సు చిత్రకారుడు వెరోకియో కథ జ్ఞాపకం వచ్చింది. ఆయన వేసిన క్రీస్తు జ్ఞానస్నాన చిత్రంలో ఒక దేవదూతను శిష్యుడు లియొనార్డో డా వించి చిత్రించాడనీ, ఆ కుర్రవాడి పనితనం చూసి సిగ్గుపడిన గురువు మళ్లీ రంగులు ముట్టలేదనీ వసారి 1550లో రాశాడు. మేధావి ఆకాశం నుంచి ఊడిపడతాడని నమ్మేవారికి యింతకంటె యింపైన కథ లేదు.

ఆ పటాన్నే సాక్ష్యం అడుగుదాం. గురువు వాడింది ప్రధానంగా గుడ్డుసొనలో కలిపిన రంగు. అది యిట్టే ఆరిపోతుంది. ఒక ఛాయను మరొక ఛాయలో కరిగించడానికి వ్యవధి యివ్వదు. సన్నని గీతలు పక్కపక్కన పేర్చి నీడ తేవాలి. లియొనార్డో నూనెరంగు పట్టాడు. అది నెమ్మదిగా ఆరుతుంది గనుక పలుచని పొర మీద పొర వేయవచ్చు. దేవదూత చెక్కిలి మీద వెలుగెక్కడ ముగిసి నీడెక్కడ మొదలయిందో చెప్పలేం. తర్వాత మోనాలిసాలో పండిన పంటకు విత్తు యిదే.

కాని ఆ నూనెరంగు లియొనార్డో కనిపెట్టింది కాదు. ఫ్లాండర్సు చిత్రకారులు అంతకు ముందే పదును పెట్టిన విద్య. శరీరాన్ని అన్ని వైపులనుంచీ చూడటం నేర్పింది కంసాలిపనీ శిల్పమూ తెలిసిన వెరోకియో పనిశాల. రంగులు నూరినవారు, పలకలు చదును చేసినవారు పేరు లేకుండానే పోయారు. 1472లో చిత్రకారుల సంఘంలో పేరెక్కిన తర్వాత కూడా లియొనార్డో గురువును విడిచిపోలేదు. 1476లోనూ ఆయన యింటనే ఉన్నాడు. గురువు పనిశాలలో చిత్రరచనా ఆగిపోలేదు.

1471లో ఫ్లారెన్సు ప్రధాన దేవాలయపు గుమ్మటం మీద రాగి గోళాన్ని నిలిపింది వెరోకియో పనిశాలే. ఆ గోళాన్ని అతికిన తీరు జ్ఞాపకం ఉంచుకోమని దాదాపు 40 ఏళ్ల తర్వాత, ముసలితనంలో, లియొనార్డో తన పుస్తకంలో రాసుకున్నాడు. గెలిచినవాడు ఓడినవాణ్ణి తలచుకునే తీరు కాదది. పనివాడు పనిని తలచుకునే తీరు.

విద్య సొంత ఆస్తి అయితే శిష్యుని గెలుపు గురువుకు నష్టమే. అది ఉమ్మడి శ్రమ అయితే, ఆ గెలుపులో గురువుకూ పాలుంది. శిష్యుని చేతిలో ఓటమి కోరుకోవాలన్నారు పెద్దలు. అది ఓటమే కాదంటాను నేను. మరునాడు ఆ విద్యార్థి పేరు చెప్పి, నా వ్యాఖ్యను అందరి ముందూ దిద్దుకుని, పాఠం అక్కడినుంచే మొదలుపెట్టాను.