హద్దు గోడకు ఇవతలి ఖాళీ ఎవరిది?

విజయవాడలోని పటమటలో పెంకుటిళ్లు అపార్ట్‌మెంట్లుగా మారిన చోటల్లా ఒక ధర్మసందేహం మిగిలే ఉంది: సొంత స్థలంలోనే హద్దు గోడకూ కట్టడానికీ మధ్య వదలవలసిన ఖాళీ, అంటే సెట్‌బ్యాక్, యజమానిదా, పొరుగువారిదా? స్థల విస్తీర్ణాన్నీ, భవనం ఎత్తునూ, రోడ్డు వెడల్పునూ బట్టి దానిని నిర్ణయించే ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు 2017లో వచ్చాయి గాని, స్థలాన్ని బ్రాహ్మ, దైవ, మానుష, పైశాచ వీథులుగా, అనగా ఒకదాని చుట్టూ ఒకటిగా ఉండే ఆవరణలుగా, విభజించిన వాస్తు సంప్రదాయం అంతకు ఎంతో ముందే చిట్టచివరి పైశాచ వీథిని ఖాళీగా విడువమన్నది. పేరు భయపెట్టేదే అయినా అక్కడ తిరిగేవి గాలీ వెలుతురూ. అవి పంచభూతాలకు చెందినవి, దస్తావేజుకు లొంగవు. 2007లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన భవన క్రమబద్ధీకరణ పథకం అతిక్రమణలను రుసుముతో మన్నించింది. ఆ రుసుము పొరుగింటి కిటికీకి వెలుతురును తిరిగి ఇవ్వలేదు కనుక, ధర్మదృష్టిలో అది ప్రాయశ్చిత్తం కాజాలదు.