సముద్రానికీ ఓ కట్టుబాటు ఉంది

మన బోథ్ దగ్గర పొచ్చెర జలపాతం దూకిన నీరు కడెం గుండా గోదావరిలో కలిసి బంగాళాఖాతం చేరుతుంది. అక్కడా దానికి విశ్రాంతి లేదు. అల్లాహ్ విధించిన నియమాలే దాన్ని నడిపిస్తాయి.

గాలి తాకిడికి అలలు లేస్తాయి. సూర్యచంద్రుల ఆకర్షణకు మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో అది మరింత ఎక్కువ. ఋతుపవనాలతో పాటు తూర్పు తీరపు ప్రవాహం తన దిశనే మార్చుకుంటుంది.

ఈ జ్ఞానం ప్రాణాలు కాపాడుతుంది. చెరువులో ఈత నేర్చిన మన పిల్లలు సముద్రంలోనూ ధైర్యంగా దిగుతారు. కాని ఒడ్డును తాకిన నీరు ఒక్కోచోట ఇరుకు దారిన వేగంగా లోపలికి మళ్లుతుంది. దానికి ఎదురీదితే అలసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, ఆ ప్రవాహం దాటాకే ఒడ్డుకు రావాలి.

1907 నాటి సునామీని ఇండోనేషియాలోని సిమెలూ దీవి పెద్దలు తరతరాలుగా పిల్లలకు చెబుతూ వచ్చారు. అందుకే 2004 డిసెంబరు 26న భూమి కంపించి, సముద్రం వెనక్కి తగ్గగానే జనం గుట్టలెక్కి బతికారు.

ముందు ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్‌పై భారం వేయడమే దైవప్రవక్త (స) నేర్పిన తవక్కుల్. ప్రాణం అల్లాహ్ అమానతు. దాన్ని కాపాడుకునే వివేకాన్ని ఆయన మన పిల్లలకు ప్రసాదించుగాక! ఆమీన్.