ఊరికే చేసే పని

తెలుగులో 'ఊరికే' అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. కూలి లేకుండా చేస్తే ఊరికే చేశామంటాం. మన ఊరి కోసమే చేసినా ఊరికే చేశామంటాం. మాట ఒకటే అయినా ఆ రెండు అర్థాల మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం ఎంతో మన గూడేల్లో సంఘం నడిపే ప్రతి యువతికీ, యువకుడికీ ఏదో ఒక రోజు తెలిసివస్తుంది.

మన సంఘాలు పెద్దవి కావు. ఒక చోట గ్రంథాలయం, ఒక చోట సాయంత్రం బడి, ఇంకో చోట విత్తనాల నిల్వ, కొండ మీది ఊట నుంచి గొట్టం వేసి నీళ్లు తెచ్చుకోవడం, ఎండాకాలంలో అడవికి నిప్పు అంటకుండా కాపలా. వీటిలో దేనికీ డబ్బు పెద్దగా ఉండదు. మనుషులే పెట్టుబడి. అందుకని "రండి, ఊరి కోసం రెండు రోజులు పని చేద్దాం" అని పిలుస్తాం. మొదటి రోజు ముప్పై మంది వస్తారు. మూడు నెలలు గడిచేసరికి ముగ్గురు మిగులుతారు. ఆ ముగ్గురూ కూర్చుని "మనవాళ్లకి చైతన్యం లేదు" అంటారు.

అలా అనే ముందు మనల్ని మనం ఒక ప్రశ్న అడగాలి. ఏ రోజు కూలి ఆ రోజు పొయ్యిలోకి చేరే ఇంటికి వెళ్లి, ఒక రోజు ఊరికే ఇమ్మని అడిగే హక్కు మనకి ఎక్కడిది? ఈ ప్రశ్నకి జవాబు దొరక్కపోతే ఏ సంఘమూ నిలవదు. నిలిచినా అది మంచి సంఘం కాదు.

కూలి లేని పని అనగానే మన పెద్దవాళ్లు కాస్త వెనక్కి జరుగుతారు. దాన్ని బద్ధకం అనుకోకూడదు. అది జ్ఞాపకం. దొర వస్తే మూట మోయాలి, అధికారి వస్తే కోడి ఇవ్వాలి, దారి వేస్తే రాళ్లు కొట్టాలి. దాని పేరు వెట్టి. 1922లో గూడెం కొండల్లో తిరుగుబాటు లేవడానికి అడవి మీద ఆంక్షలు, పోడు మీద నిషేధం ఎంత కారణమో, నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు వేసిన దారిలో సరైన కూలి ఇవ్వకుండా చేయించిన పనీ అంతే కారణం. ఆ ఏడాది ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజుతో కలిసి చింతపల్లి పోలీసు స్టేషను మీదికి నడిచిన మనవాళ్ల చేతుల్లో ఆ రాళ్ల బరువు ఇంకా ఉంది. దారి ఊరికి మంచిదే కదా అని ఆనాడు కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మంచి పనే అయినా, అడిగే తీరు దాన్ని వెట్టిగా మార్చేసింది.

తర్వాత రాజ్యాంగం వచ్చింది. 23వ అధికరణం వెట్టినీ బలవంతపు చాకిరీనీ నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ వ్యవస్థను రద్దు చేస్తూ చట్టం వచ్చింది. 1982లో, ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం జరిగిన కట్టడాల్లో పనిచేసిన కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. కర్ర పట్టుకుని బెదిరిస్తేనే బలవంతం కాదు, ఆకలీ పేదరికమూ మనిషిని తక్కువ కూలికి ఒప్పిస్తే అదీ బలవంతమే అని చెప్పింది. ఈ మాట మన సంఘాలకీ వర్తిస్తుందని మనం అనుకోం. మనం దొరలం కాదు కదా అనుకుంటాం. కానీ బలవంతానికి ఇంకో రూపం కూడా ఉంది, అది సిగ్గు. "ఊరంతా వచ్చింది, నువ్వు రాలేదేం?" అని నలుగురిలో అడిగితే ఆ మనిషి మర్నాడు వస్తాడు. కూలి పోగొట్టుకుని వస్తాడు. ఆ రావడాన్ని స్వచ్ఛందం అని రాసుకుంటే మనం అబద్ధం రాసినట్టే.

అయితే మనకి వెట్టి ఒక్కటే కాదు, ఇంకో వారసత్వమూ ఉంది. ఒకరి చేనులో కలుపుకి పదిమంది వెళ్తారు, రేపు ఆ పదిమంది చేలల్లోకి వాళ్లూ వెళ్తారు. ఇంటికి కప్పు వేసేటప్పుడు గడ్డి మోసేవాళ్లని ఎవరూ కూలికి పిలవరు. పండుగకి ఇంటికింత అని బియ్యం పోగుచేస్తాం, లేని ఇంటి దగ్గర ఆగం, ఆగలేదని ఆ ఇంటివాళ్లు తక్కువా కారు. వీటన్నిటికంటే పెద్దది డోలీ. దారి లేని కొండ మీద నొప్పులు వస్తున్న ఆడమనిషిని కర్రకి గుడ్డ కట్టి మోసుకొస్తారు. ఇద్దరు మోస్తుంటే వెనక మరికొందరు నడుస్తారు, భుజం మార్చుకోవడానికి. ఎవరికీ చాటింపు వెయ్యరు. మోసినవాళ్లకి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు. మనం 'వాలంటీర్' అన్న మాట నేర్చుకోకముందే మన దగ్గర ఈ పని ఉంది.

డోలీ మోయడానికీ, దారి వెట్టికీ తేడా ఏమిటి? రెండింట్లోనూ కూలి లేదు. రెండింట్లోనూ ఒళ్లు నొప్పే. తేడాలు మూడు కనిపిస్తాయి. మొదటిది, వంతు. ఈ రోజు నేను మోస్తాను, రేపు నా ఇంటికి అవసరమొస్తే నువ్వు మోస్తావు. వెట్టిలో బరువు ఎప్పుడూ ఒకవైపే ఉంటుంది, దొర ఏనాడూ మన మూట మొయ్యడు. రెండోది, కాదనగలగడం. జ్వరంగా ఉన్నవాణ్ణి, ముసలివాణ్ణి, పసిబిడ్డ తల్లిని ఎవరూ మొయ్యమనరు, మొయ్యలేదని తర్వాత గుర్తుపెట్టుకోరు. మూడోది, నిర్ణయం. ఏ దారిన వెళ్లాలి, ఎక్కడ ఆగాలి అన్నది మోసేవాళ్లే తేలుస్తారు. పై నుంచి ఎవరో చెప్పరు.

ఈ మూడూ ఉంటే ఊరికే చేసిన పని ఊరి పని అవుతుంది. ఒక్కటి తగ్గినా అది వెట్టి వైపు జరగడం మొదలుపెడుతుంది. మనం చెప్పదలుచుకున్నది ఇంతే. మిగిలినదంతా దీన్ని రోజువారీ పనిలో ఎలా పాటించాలన్నదే.

నిర్ణయం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అక్కడే ఎక్కువ తప్పిపోతాం. 1990ల్లో వన సంరక్షణ సమితులు వచ్చాయి. అడవిని కాపాడే పనిలో ఊళ్లు కలిశాయి, కానీ ఏ మొక్క నాటాలి, ఎక్కడ నాటాలి అన్న మాటలో అటవీశాఖదే పైచేయి. 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ అడవినీ, జంతువులనూ, నీటి వనరులనూ కాపాడే అధికారాన్ని హక్కుదారులకీ గ్రామసభకీ ఇచ్చింది. ఎండాకాలంలో నిప్పు ఆపడానికి ఆకులు ఊడ్చి గీత తీసే మనిషి అప్పుడూ అదే పని చేశాడు, ఇప్పుడూ అదే పని చేస్తాడు. కానీ గ్రామసభలో కూర్చుని ఏ గట్టు మీద గీత తీయాలో తేల్చినవాడు తన ఇంటిని తాను కాపాడుకుంటున్నాడు. ఎవరో గీసిన గీతను ఊడ్చినవాడు జీతం లేని వాచర్. మన సంఘాల్లో కూడా అంతే. చదువుకున్న నలుగురు పట్నంలో కూర్చుని కార్యక్రమం రాసి, ఊరివాళ్లని పనికి పిలిస్తే, ఆ కాగితం మీద ఎంత మంచి మాట ఉన్నా ఊరు దాన్ని తనది అనుకోదు.

ఇక వంతు. మన సమావేశాల్లో మాట్లాడేది మగవాళ్లు. ఆ సమావేశానికి నీళ్లు మోసేది, అన్నం వండేది, చీకటి పడ్డాక గిన్నెలు తోమేది ఆడవాళ్లు. సంఘం పుస్తకంలో మాట్లాడినవాళ్ల పేర్లుంటాయి, వండినవాళ్ల పేర్లుండవు. ఆ వంటను స్వచ్ఛంద సేవ అని కూడా మనం అనం, ఆడవాళ్ల పని అంటాం. ఇక్కడ వంతు లేదు. కాబట్టి ఇది ఇంట్లో వెట్టి. ఒక నెల మగవాళ్లు వండి ఆడవాళ్లు తీర్మానాలు రాస్తే, తీర్మానాల్లో ఏ పనులు ముందుకొస్తాయో మనమే చూడొచ్చు. బహుశా నీటి గొట్టం మొదటి వరసలోకి వస్తుంది.

కాదనే హక్కు అంటే కాలాన్ని గౌరవించడం కూడా. మన ఏడాదికి ఒక నడక ఉంది. పాడేరు, అరకు వైపు చలికాలమంతా కాఫీ పళ్లు కోస్తారు. ఆ తర్వాత చింతపండు. ఎండల్లో భద్రాచలం వైపు తునికాకు. తొలకరికి విత్తనాలు. ఈ రోజుల్లో వచ్చే డబ్బే ఏడాది మొత్తానికి ఉప్పూ, బట్టా, పిల్లల పుస్తకాలూ. సరిగ్గా అప్పుడే మనం శ్రమదానం పెట్టి, రాలేదని నిష్ఠూరపడితే తప్పు ఎవరిది? పనిని పంచాంగంతో కాదు, పంటతో కలిపి పెట్టుకోవాలి. ఖాళీ నెలల్లో పెద్ద పనులు, కోత నెలల్లో గంట పనులు. ఎవరైనా ఈ సీజన్‌కి రాలేనంటే "సరే, వచ్చే సీజన్‌కి రా" అనగలగాలి. వెళ్లడానికి తలుపు తెరిచి ఉన్న ఇంటికే మనుషులు మళ్లీ వస్తారు.

ఇక్కడ టీచర్లకి ఒక మాట. ఆశ్రమ పాఠశాలలో పిల్లలు తోట వేస్తే అది చదువే. ఆ తోట కూర వాళ్ల కంచాల్లోకి వస్తే ఇంకా మంచిది. కానీ పెద్దవాళ్ల పని పిల్లలతో చేయించి దానికి సేవ అని పేరు పెడితే, కాదనలేని వాళ్లని అడిగినట్టే. టీచరు అడిగితే పిల్ల కాదనగలదా? ఈ ప్రశ్నని ప్రతిసారీ వేసుకోవాలి.

డబ్బు గురించి కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. "కూలి ఇస్తే సేవాభావం పోతుంది" అని కొందరంటారు. అందులో కొంత నిజం ఉంది. బయటి నిధులతో వచ్చిన ప్రాజెక్టులో ఒకరికి జీతం ఇచ్చి పదిమందిని ఊరికే రమ్మంటే, ఆ పదిమందీ "జీతం తీసుకునేవాడే చేసుకుంటాడు" అని ఆగిపోతారు. కానీ దానికి మందు అందరినీ ఊరికే చేయించడం కాదు. అప్పుడప్పుడూ చేసే పని వేరు, రోజూ చేసే పని వేరు. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు ఆశా కార్యకర్తని స్వచ్ఛంద కార్యకర్త అన్నారు, పనికింత అని ప్రోత్సాహకం పెట్టారు. పని పెరిగి పూర్తి రోజు పని అయింది, పేరు మాత్రం మారలేదు. అందుకే వాళ్లు స్థిర వేతనం కోసం రోడ్డెక్కుతూనే ఉన్నారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో 50 ఇళ్లకి ఒకరు చొప్పున, నెలకి 5,000 రూపాయల గౌరవ వేతనంతో వాలంటీర్లని పెట్టాక ఆ మాట అర్థమే మారిపోయింది. పేరు ఏదైనా, ఒక మనిషి బతుకు రోజంతా తీసుకునే పనికి జీతం ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఆ పనిని పదిమంది మధ్య చిన్న చిన్న వంతులుగా పంచాలి. బస్సు చార్జీ, ఫోన్ రీచార్జి, పూట భోజనం సంఘమే పెట్టుకోవాలి. సేవ చేసినందుకు ఎవరి ఇంట్లోనూ అప్పు మిగలకూడదు.

ఇంకో అభ్యంతరం బరువైనది. మనం దారి మనమే వేసుకుంటే ప్రభుత్వం తన బాధ్యత వదిలేసుకోదా? వదిలేసుకుంటుంది, మనం మాట్లాడకపోతే. దారి ఊరి హక్కు. వైద్యం హక్కు. ఉపాధి హామీ కింద కూలి ఇచ్చి చేయించాల్సిన పనిని శ్రమదానంగా చేసిపెట్టడం ఉదారత కాదు, మన కూలి మనమే కొట్టేసుకోవడం. కానీ దారి వచ్చేదాకా డోలీ మొయ్యకుండా ఉండలేం. అందుకని మోస్తూనే అడగాలి. ఎంత దూరం మోశాం, ఎన్ని రోజులు తవ్వాం, ఎంతమందిమి అన్నది గ్రామసభ తీర్మానంలో రాసి పైకి పంపాలి. 1996 పీసా చట్టం గ్రామసభకి ఇచ్చిన గొంతు అందుకే. రాయని శ్రమ దానం అయిపోతుంది, రాసిన శ్రమ సాక్ష్యం అవుతుంది.

కాబట్టి ప్రతి సంఘానికీ డబ్బు పుస్తకంతో పాటు శ్రమ పుస్తకం ఉండాలి. ఎవరు, ఏ రోజు, ఏం చేశారు అన్నది అందులో ఉండాలి, వంటా నీళ్లూ కూడా. నెలకోసారి అందరి ముందూ పైకి చదవాలి, చదవడం రానివాళ్లకీ వినపడేలా. చదువుతుంటే రెండు సంగతులు బయటపడతాయి. ఎవరి మీద ఎక్కువ బరువు పడుతోందో తెలుస్తుంది, వాళ్లకి వచ్చే నెల విశ్రాంతి ఇవ్వొచ్చు. ఎవరి పేరు అసలు రావడం లేదో కూడా తెలుస్తుంది. అప్పుడు "రాలేదేం?" అని నలుగురిలో అడగొద్దు. ఇంటికి వెళ్లి, గడప దగ్గర కూర్చుని, ఇంట్లో అంతా బాగున్నారా అని అడగాలి. చాలాసార్లు రాకపోవడానికి కారణం అక్కడే కనిపిస్తుంది. మంచం పట్టిన తండ్రో, వడ్డీకి తెచ్చిన అప్పో, పట్నంలో పనికి వెళ్లి ఫోన్ చెయ్యని కొడుకో. అప్పుడు వంతు తిరగబడుతుంది, ఆ ఇంటి పని సంఘం చెయ్యాలి.

వచ్చే సమావేశానికి పిలుపు పంపే ముందు మన పుస్తకంలో మూడు ప్రశ్నలు రాసుకుందాం. ఈ పని తేల్చిన చోట చేసేవాళ్లు ఉన్నారా? రాలేనన్నవాళ్లు తలెత్తుకుని ఊళ్లో తిరగగలరా? ఈ బరువు రేపు ఎవరి భుజానికి మారుతుంది? మూడింటికీ జవాబు దొరికితే పిలుద్దాం. దొరక్కపోతే ఒక వారం ఆగి, చెట్టు కింద కూర్చుని ఇంకాస్త మాట్లాడుకుందాం. పని ఎక్కడికీ పోదు.