దైవానికి కేటాయించిన అరగంట

విమానంలో ఇంధనం అయిపోయి ప్రమాదం జరిగితే దాన్ని విధి అనవచ్చా? దైవమా, పురుషకారమా అన్న పాత చర్చకు ఇంతకన్నా సూటి పరీక్ష దొరకదు. పిడుగుపాటులోనూ, ఇంజన్ లోపల కంటికి కనిపించని పగులులోనూ మనిషి చేతికి అందనిది కొంత ఉంటుంది. ట్యాంకులో ఎంత ఉందో, దారికి ఎంత కావాలో మాత్రం నేల మీద ఉండగానే తేల్చుకోవచ్చు.

మహాభారతం ఆనుశాసనిక పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి అడుగుతాడు, దైవం, పురుషకారం రెంటిలో ఏది గొప్పదని. వసిష్ఠుడికి బ్రహ్మ చెప్పిన జవాబును భీష్ముడు వినిపిస్తాడు: పురుషకారం పొలం, దైవం విత్తనం. తాండూరు కంది రైతుకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఇంకాస్త లోతుకు వెళ్తుంది. ఏ పనికైనా అయిదు కారణాలుంటాయని, అవి ఆధారం, కర్త, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, చివరగా దైవం అని చెబుతుంది. ఆ వెంటనే, కర్తను నేనొక్కణ్ణే అనుకునేవాడు సరిగా చూడనివాడని కూడా అంటుంది. పైలట్ విషయంలో ఈ రెండో మాటకు ఎక్కువ విలువ ఉంది. గాలిలోకి లేచినవాడు ఒంటరి కర్త ఎన్నటికీ కాడు.

ఉదాహరణకు, హైదరాబాద్ బేగంపేట నుంచి తాండూరుకు ఆకాశమార్గాన దాదాపు 100 కిలోమీటర్లు. శిక్షణలో విరివిగా వాడే సెస్నా 172 విమానం గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగంతో అరగంటలో చేరుతుంది. వానాకాలపు పడమటి గాలి గంటకు 37 కిలోమీటర్ల వేగంతో ఎదురైతే మరో ఆరేడు నిమిషాలు పడుతుంది. గంటకు దాదాపు 35 లీటర్ల పెట్రోలు ఖర్చవుతుంది. బయలుదేరే ముందు రెక్క మీది మూత తీసి, గీతలున్న కడ్డీని ట్యాంకులో ముంచి కొలుస్తారు. మీటరు ముల్లు ఒక్కదాన్నే నమ్మకూడదని శిక్షణలో తొలినాళ్లలోనే నేర్పుతారు. తర్వాత రెక్క అడుగున చిన్న వాల్వు నొక్కి, గాజులాంటి గొట్టంలోకి కాస్త ఇంధనం పట్టి వెలుతురులో చూస్తారు. 100ఎల్ఎల్ రకం ఏవ్‌గ్యాస్ లేత నీలంగా ఉంటుంది. నీరు చేరితే అడుగున వేరుగా కనిపిస్తుంది.

ఈ లెక్క ముగిశాక నియమం ఇంకొకటి అడుగుతుంది. పగటివేళ కంటిచూపు మీద ఆధారపడి ఎగిరే విమానం గమ్యం చేరాక కూడా కనీసం 30 నిమిషాలు ఎగరగలిగేంత ఇంధనం మిగిలి ఉండాలి. రాత్రయితే 45 నిమిషాలు. సెస్నాలో ఆ అరగంట విలువ పదిహేడు, పద్దెనిమిది లీటర్లు. బరువు పన్నెండున్నర కిలోలకు అటూఇటూ. ఎదురుగాలి, మూసుకుపోయిన రన్‌వే, దారి తప్పడం వంటివాటిలో ఏది వస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టే ఆ బరువు మోయాలి. దైవానికి చోటు విడిచిపెట్టడం అంటే ఇదే. సరిగ్గా సరిపోయేంత పోయించుకుని దేవుడి మీద భారం వేసి బయలుదేరేవాడు భక్తుడిలా కనిపిస్తాడు. నిజానికి గాలీ మబ్బూ తన అంచనా ప్రకారమే నడుస్తాయని నమ్మినవాడు అతనే. గీత చెప్పిన అయిదో కారణాన్ని కొట్టివేసిన ఆ నమ్మకాన్ని భక్తి అనలేం.

వికారాబాద్ జిల్లాలో జరిగిన ఒక ప్రమాదం ఇక్కడ వేరుగా ఆలోచించదగినది. 2019 అక్టోబర్ 6న, దసరాకు రెండు రోజుల ముందు, బేగంపేట నుంచి లేచిన సెస్నా 172 శిక్షణ విమానం బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ దగ్గర కూలి, ఇద్దరు శిక్షణార్థులు చనిపోయారు. ఆనాటి వార్తలు ప్రతికూల వాతావరణం గురించి చెప్పాయి.  బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో విధి అన్న మాట ఓదార్పు. దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. దర్యాప్తు చేసేవారికి మాత్రం ఆ మాట పనికిరాదు. మబ్బు దైవం కావచ్చు, మబ్బు వైపు వెళ్లాలా వెనక్కి తిరగాలా అన్నది దైవం కాదు. ప్రమాదాల దర్యాప్తు నిందించడానికి కాదని, మళ్లీ జరగకుండా చూడడానికేనని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమం చెబుతుంది. ఒక్క కర్త మీదే అంతా మోపకూడదన్న గీత దృష్టికి ఇది దగ్గరగానే ఉంది.

ఇంధనం నిజంగానే అయిపోయిన ఘటన తెలుగు నేల మీదే ఉంది, అదీ పెద్ద విమానంలో. 1993 నవంబర్ 15న మద్రాసు నుంచి హైదరాబాద్ వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఎ300 సరిగా కనిపించక దిగలేకపోయింది. మళ్లీ పైకి లేచాక ఫ్లాపులు లోపలికి ముడుచుకోలేదు. ఆ స్థితిలోనే మద్రాసుకు తిరుగుముఖం పట్టింది. ఫ్లాపులు దిగి ఉంటే గాలి అడ్డు పెరుగుతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది. మద్రాసు చేరకముందే ఇంధనం నిండుకుని తిరుపతి సమీపంలో వరిపొలంలో దిగింది. 262 మందీ బతికారు. కనిపించకపోవడం దైవం, మొరాయించిన ఫ్లాపులు సాధనం. అంత దూరం చేరగలమా అన్న లెక్క కర్తది. వరిపొలం అందిరావడాన్ని దైవానుగ్రహం అన్నవారిది తప్పు కాదు, ఆ లెక్కను మరిచిపోనంత వరకు.

లెక్క తప్పిందని తెలిశాక నోరు విప్పి చెప్పడం కూడా పురుషకారమే. 1990 జనవరి 25న బొగోటా నుంచి న్యూయార్క్ వచ్చిన ఏవియాంకా 52వ నంబరు విమానం గంటకు పైగా ఆకాశంలో చక్కర్లు కొట్టింది. ఇంధనం అయిపోతోందని సిబ్బంది అన్నారు గానీ అత్యవసర పరిస్థితి అన్న మాట వాడలేదు. విమానం కూలి 73 మంది చనిపోయారు. 2012లో అంతర్జాతీయ నియమాల్లో రెండు ప్రకటనలకు స్పష్టమైన అర్థం నిర్ణయించారు. ఇంకే ఆలస్యమైనా గమ్యం చేరాక మిగలాల్సిన చివరి నిల్వ తరిగే పరిస్థితి వస్తే "మినిమం ఫ్యూయల్" అనాలి. దిగేటప్పటికి ఆ నిల్వ కూడా మిగలదని లెక్క తేలితే "మేడే" అని మూడుసార్లు పలికి, ఆ తర్వాత "ఫ్యూయల్" అనాలి. చిన్న విమానంలో ఒంటరిగా ఉన్న పైలట్‌కూ ఇదే వర్తిస్తుంది.