గోవర్ధనచ్ఛాయ



ఆశ్వయుజ కార్తీక మాసములు మనకు పుణ్యకాలము. నదీస్నానములు, దీపారాధనలు, పురాణశ్రవణములు ఈ దినములలోనే విశేషముగా జరుగును. తూర్పుతీరవాసులకు తుఫానుల కాలమును ఇదియే. ధ్వజస్తంభము చెంత ఆకాశదీపము వెలుగుచుండగనే బంగాళాఖాతమున వాయుగుండము ఏర్పడినదను వార్త వినవచ్చుచుండును. ఇట్టి వార్త విన్న భక్తుడు ఏమి చేయవలెను? ఇల్లు విడిచి తుఫాను షెల్టరునకు పోవుట భగవంతునిపై విశ్వాసము లేకపోవుట కాదా? అని కొందరు నన్ను అడుగుచుందురు. ఈ ప్రశ్నకు నేనొకప్పుడు తప్పు సమాధానము చెప్పితిని. ఆ సంగతి తరువాత మనవి చేసెదను. మొదట శాస్త్రమేమి చెప్పుచున్నదో చూతము.

శ్రీమద్భాగవతము దశమస్కంధములోని గోవర్ధనోద్ధరణ ఘట్టమును ఎరుగనివారు లేరు. ఇంద్రుడు కుపితుడై ప్రళయమేఘములను వ్రేపల్లెపైకి పంపెను. వడగండ్లు, పెనుగాలి, ఎడతెగని వాన. గోవులు వణకుచు తమ దూడలను మేనితో కప్పుకొన్నవి. గోపకులు కృష్ణుని శరణు జొచ్చిరి. స్వామి కొండను ఎత్తెను. ఇంతవరకు అందరమును భక్తితో చెప్పుకొందుము. దాని తరువాతి మాటను మాత్రము త్వరగా దాటిపోవుదుము. కొండను ఎత్తిన స్వామి అంతటితో ఊరకుండలేదు. తల్లిని, తండ్రిని, వ్రజవాసులను పిలిచి, ఆలమందలతో కూడ దీని క్రిందికి రండు, ఇది నా చేతినుండి జారునను భయము వలదు, అని చెప్పెను. వారు ఆ మాట విని పశువులను, సంపదను, పురోహితులను, తమ్మాశ్రయించినవారిని వెంటగొని కొండక్రిందికి చేరిరి.

“స్వామీ! నీవు సర్వశక్తుడవు. కొండను మా యింటి కప్పుమీదనే పట్టుకొనుము, మేము గడప దాటము” అని వారిలో ఒక్కరైన అనిరా? అనలేదు. కొండను ఎత్తుట ఆయన వంతు. దాని క్రిందికి నడచుట వారి వంతు. ఆ నాలుగడుగులును శరణాగతిలోని భాగమే.

ఏడు దినములు గడచిన పిమ్మట, గాలివాన తగ్గినది, నదులు శాంతించినవి, ఇక వెలుపలికి రండు, అని స్వామియే చెప్పెను. అప్పుడు గాని వారు వెలికి రాలేదు. ఈ రెండవ ఆజ్ఞను కూడ మనము గుర్తుంచుకొనవలెను. పెనుతుఫాను నడుమ “కన్ను” అను భాగమొకటి ఉండును. అది మన ఊరిమీదుగా పోవునప్పుడు గాలి నిలిచిపోవును, ఒక్కొక్కప్పుడు ఆకాశము తేటపడును. గండము గడచినదని భ్రమపడి జనులు బయటికి వత్తురు. కొంతసేపటికే గాలి ఎదురుదిక్కునుండి అంతకంత వేగముతో విరుచుకొనిపడును. రమ్మన్నప్పుడు పోవుట ఎంత అవసరమో, చెప్పువరకు నిలుచుట అంత అవసరము.

“అంతయు విధివ్రాత, మనచేతిలో ఏమున్నది?” అను మాటను పెద్దల మాటగా చలామణి చేయుట కద్దు. ఇది ఎవరి నోట వచ్చిన మాటయో విచారింపుడు. భారతమున ఉద్యోగపర్వములో నిద్రపట్టని ధృతరాష్ట్రునకు విదురుడు రాత్రియంతయు హితము బోధించెను. రాజు శ్రద్ధగా వినెను, నిజమేనని ఒప్పుకొనెను. చివరకు, నీవు చెప్పునప్పుడు నా బుద్ధి సరిగానే ఉండును, దుర్యోధనుని చూడగనే మారిపోవును, దైవమే బలీయము, పురుషప్రయత్నము వ్యర్థము, అని ముగించెను. హెచ్చరికను విని, మెచ్చుకొని, కదలకుండుటకు ఆయన దైవమును అడ్డుపెట్టుకొనెను. అది భక్తి కాదు. కురువంశమునకు దానివలన కలిగిన ఫలము లోకవిదితము.

ఇక నా సంగతి మనవి చేసెదను. అది 1977, పింగళనామ సంవత్సర కార్తీకమాసము. నాకప్పుడు పదునెనిమిదేండ్లు. పాఠశాలకు సెలవు దొరికి, దివిసీమలోని మా మేనమామగారి యింటికి వచ్చియుంటిని. ఆయన ఆ ఊరి దేవాలయమున అర్చకులు. నవంబరు 19, శనివారము. ఉదయమునుండి గాలి, జల్లు. నేను అరుగుమీద కూర్చుండి సిద్ధాంతకౌముది వల్లించుకొనుచుంటిని. చేపలుపట్టి జీవించు ముసలియొకడు తలపై గోనెపట్ట కప్పుకొని వచ్చి నిలిచెను.

“చినపంతులుగారూ, రేడియోలో తుఫానంటన్నారంట. మా గూడెం సముద్రానికి దగ్గర. పిల్లల్ని తీసుకుని ఎటన్నా పోదామా, ఉందామా? చదువుకున్నోరు, మీరు చెప్పండి” అనెను.

“కార్తీకమాసంలో దీపం పెట్టిన ఇంటికి భయమేమిటి పెద్దయ్యా? స్వామి చూసుకుంటాడు, ఇంటికి వెళ్లు” అంటిని.

ఆయన చేతులు జోడించి వెళ్లిపోయెను.

ఆనాడు ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున దివిసీమను ముంచివేసెను. పదివేలమందికి తక్కువ కాకుండ మరణించిరి. మా మామగారి యింటిప్రక్కన దేవాలయము మెరకమీద ఉండుటచే మేము మండపముపైకెక్కి ప్రాణములు దక్కించుకొంటిమి. ఆ ముసలివాని గూడెములో గుడిసె మిగులలేదు. ఆయనను నేను మరల చూడలేదు.

ఆయన నన్నడిగినది వేదాంతము కాదు, దారి. నేను చెప్పినదియు వేదాంతము కాదు. వానలో లేచి ఆయన వెంట నడచి, పిల్లలను తెచ్చి మండపమున కూర్చుండబెట్టుట నాకు శ్రమగా తోచినది. అందుచే నేను చేయవలసిన పనిని స్వామి పేరు చెప్పి తప్పించుకొంటిని. ఆ రాత్రి మండపముమీద ఇంకను చోటుండెను.

“ఎన్నోసార్లు హెచ్చరించిరి, ఏమియు రాలేదు” అను ఆక్షేపణ మరియొకటి కలదు. ఇది కొట్టివేయదగినది కాదు. కూలి పోగొట్టుకొని, పశువులను విడిచి, ఇంటికి తాళము వేసి పోయినవానికి తిరిగివచ్చి చూడగా ఎండ కాయుచుండిన విసుగు పుట్టును. కాని తుఫాను కదలుచుండు సుడి. త్రోవలో అది తిరుగవచ్చును, బలహీనపడవచ్చును. మన ఊరికి రానిది పలుమారులు వేరొక ఊరికి పోయినదే. అందుచేతనే వాతావరణశాఖవారు ఒక్కసారిగా కాక అంచెలంచెలుగా చెప్పుదురు. 72 గంటలకు ముందు తొలి సూచన, 48 గంటలకు ముందు అప్రమత్తత, 24 గంటలకు ముందు హెచ్చరిక. రేవులలో ఎగురవేయు ప్రమాదసూచికలు 11. వానిలో 8, 9, 10 మహాప్రమాదమునకు గుర్తులు. పదునొకండవది విచిత్రమైనది. వాతావరణ కేంద్రముతో సంబంధము తెగిపోయినదనియు, ప్రమాదము పొంచియున్నట్లు భావింపవలెననియు దాని అర్థము. వార్త రాకపోయినంతమాత్రమున క్షేమమని తలపరాదు. షెల్టరునకు పోయి క్షేమముగా తిరిగివచ్చినవాడు నష్టపోయినట్లు కాదు, స్వామికి కొబ్బరికాయ కొట్టవలసినవాడు.

హెచ్చరికను పాటించుటవలన కలుగు ఫలమునకు మన తీరమే సాక్షి. 1864 నవంబరులో ఏ కబురును లేక వచ్చిన ఉప్పెన బందరులో సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొనెను. 1977 సంగతి చెప్పితిని. 1990 మే 9న అంత బలమైన తుఫానే కృష్ణా ముఖద్వారమునకు చేరువలో తీరము దాటెను. ఈసారి లక్షలాది ప్రజలను ముందే తరలించిరి. మరణించినవారు వేయికి లోపు. 1999లో ఒడిశాలో దాదాపు పదివేలమందిని తుఫాను బలిగొనెను. 2013 అక్టోబరు 12న గోపాలపురము వద్ద పెనుతుఫాను తాకుటకు ముందు, అక్కడను మన ఉత్తరాంధ్రలోను సుమారు పది లక్షలమంది ఇండ్లు విడిచి కదలిరి. మృతులసంఖ్య పదులలో నిలిచెను. గాలి బలము తగ్గలేదు, మనుష్యులు నడచిరి.

దేవుని ఊరైన మాత్రమున కదలనక్కరలేదందురేమో. మౌసలపర్వము చూడుడు. అర్జునుడు మరలిపోగానే ద్వారకను సముద్రము ముంచివేయునని కృష్ణుడు వసుదేవునితో చెప్పియుండెను. వసుదేవుడు అర్జునునకు చెప్పెను. అర్జునుడు పురజనులకు ప్రకటించి, ఏడవనాడు సూర్యోదయమున అందరమును బయలుదేరవలెనని ఆదేశించెను. వారు వెడలిన వెనువెంటనే కడలి నగరమును కబళించెను. స్వామి తాను కట్టించిన నగరమును సముద్రమునకు విడిచెను. ప్రజలకు మాత్రము కబురు పంపెను. ఆ కబురు నోటనోట చేరినది. నేడు అది ఉపగ్రహమునుండి, రాడారునుండి బయలుదేరి రేడియోలో, సెల్‌ఫోనులో, గ్రామసేవకుని మైకులో చేరుచున్నది. చేరవేయువాడెవడైనను వాడు ఆ క్షణమున స్వామి దూతయే.

కావున అర్చకులకు, ధర్మకర్తలకు, ఊరిపెద్దలకు నా విన్నపము. హెచ్చరిక వచ్చిననాడు సుప్రభాతము వినిపించు మైకులోనే దానిని చదివి వినిపింపుడు. మెరకమీది కట్టుదిట్టమైన మండపముల తలుపులు తెరువుడు. ఆలస్యము చేయక వృద్ధులను, గర్భిణులను, పిల్లలను ముందు తరలింపుడు. పశువుల పలుపులు విప్పుడు. కట్టుగొయ్యకు కట్టిన ఆవు ఈదలేదు. పూజను సంక్షేపించినను దోషము లేదు, స్వామి అర్థము చేసికొనును. ఎవరైన వచ్చి “పోదామా, ఉందామా?” అని అడిగిన, శ్లోకము చదువకుడు. చేయి పట్టుకొని తీసికొనిపొండు.

నలువది సంవత్సరములకు పైగా ప్రతి కార్తీకమున దీపము వెలిగించునప్పుడు ఆ గోనెపట్ట నాకు జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆనాడు నేను చెప్పవలసియుండిన మాట ఇంతే: మండపమున చోటున్నది, పిల్లలను తీసికొని రండు.

ఇతి శమ్.